ఉత్తరాల సంచి : సందుగలోని పటం



ఈ నెల ఉత్తరాల సంచి విప్పగానే అన్నిటికన్న పైన నెల్లికుదురు ఉత్తరం కనిపించింది. రాసినది ఏడో తరగతి చదువుతున్న ఒక అబ్బాయి. పేరు అచ్చు వెయ్యవద్దని అడిగాడు గనక వెయ్యటం లేదు. ఉత్తరంలో సంగతి ఇది.

వాళ్ల తాత సందుగలో, అడుగున, ఒక గుడ్డచుట్ట ఉన్నది. విప్పితే ఎర్రటి రంగు మీద వరసగా బొమ్మలు. మనుషులకు పెద్ద పెద్ద కళ్లు. మూడు బారల దాకా విప్పి చూశారట, ఇంకా ఉన్నదట. ఎప్పుడో ఒక వానాకాలంలో కథ చెప్పేవాళ్లు వచ్చి, పటం తడిసిపోతుందని దాన్ని తాత వాళ్ల నాయిన దగ్గర దాచి వెళ్లారనీ, మళ్లీ రాలేదనీ తాత చెబుతాడు. పోయిన నెల స్కూటరు మీద ఒకాయన ఊళ్లోకి వచ్చాడు. పాత ఇత్తడి చెంబులూ, గోడగడియారాలూ కొంటూ ఈ చుట్ట సంగతి విన్నాడు. చూసి, రెండు వేలు ఇస్తానన్నాడు. హైదరాబాదులో గ్యాలరీవాళ్లు ఇట్లాంటివి తీసుకుంటారన్నాడు. నాయిన ఇచ్చేద్దామంటున్నాడు. తాత వద్దంటున్నాడు. ఆయన మళ్లీ వస్తాడు.

"గ్యాలరీ అంటే ఏమిటి? మ్యూజియమూ అదీ ఒకటేనా? పాత బొమ్మను డబ్బు పెట్టి ఎందుకు కొంటారు? మేము ఏం చెయ్యాలె?" అని అబ్బాయి అడిగాడు.

నాలుగు ప్రశ్నలు. చివరిదానికి పత్రిక వచ్చేదాకా ఆగటం మంచిది కాదని, వెంటనే ఒక కార్డు రాసి పోస్టులో వేశాను: "ఇప్పుడే ఇవ్వవద్దు. ముందు ఫోటోలు తియ్యండి," అని. ఫోటో ఎందుకో కార్డులో రాయటానికి చోటు చాలలేదు. ఇట్లాంటి చుట్టలు మిగిలినవాళ్ల ఇళ్లలో కూడా ఉండవచ్చు గనక, అంతా ఇక్కడే చెబుతాను.

ముందు మ్యూజియం సంగతి. మ్యూజియంలో ఉన్న వస్తువులు చూడటానికే గాని అమ్మకానికి కావు. హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియం మీలో చాలామంది చూసే ఉంటారు. అక్కడి వస్తువుల్లో చాలా భాగం ఒక్క మనిషి కూడబెట్టినవే. ఆయన మూడవ సాలార్‌జంగ్, మీర్ యూసుఫ్ అలీఖాన్. ఆయన 1949లో చనిపోయాడు. 1951 డిసెంబరు 16న, ఆయన నివసించిన దివాన్ దేవ్‌డీలోనే మ్యూజియం తెరిచారు. 1968లో దాన్ని మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనానికి మార్చారు. అందరూ ఆగి ఆగి చూసే మేలిముసుగు రెబెకా పాలరాతి బొమ్మను మాత్రం ఆయన సంపాదించలేదు. బెంజోనీ అనే ఇటలీ శిల్పి చెక్కిన ఆ బొమ్మను ఆయన తాత, మొదటి సాలార్‌జంగ్, 1876లో రోము నగరంలో కొన్నాడు.

కొన్నాడంటే ఎవరో అమ్మారన్నమాట! ఈ ముక్క జ్ఞాపకం పెట్టుకోండి. మ్యూజియంలో మీరు చూసే ప్రతి వస్తువు వెనకా ఒక ఇల్లో, గుడో, కార్ఖానానో ఉంటుంది. అక్కణ్ణించి ఇక్కడికి అది ఎవరి చేతుల మీదుగానో వచ్చింది. మూడవ సాలార్‌జంగ్ కాలంలో దేశదేశాల వర్తకులు వస్తువులు పట్టుకుని దివాన్ దేవ్‌డీకి వచ్చేవారు. ఆ వర్తకులు చేసే పనే ఈనాటి గ్యాలరీ చేస్తుంది.

గ్యాలరీ అనే మాటతో కొంచెం చిక్కు ఉన్నది. మ్యూజియంలో ఒక్కొక్క గదినీ గ్యాలరీ అంటారు. ప్రభుత్వం బొమ్మలు ప్రదర్శించటానికి కట్టిన భవనాన్నీ గ్యాలరీ అంటారు. మాదాపూర్‌లో స్టేట్ ఆర్ట్ గ్యాలరీ అట్లాంటిది. కాని స్కూటరాయన చెప్పినది వీటిలో ఏదీ కాదు. ఆయన చెప్పినది బొమ్మలు అమ్మే అంగడి.

అంగడి అన్నానని బట్టలకొట్టులాగా ఉంటుందనుకోకండి. లోపలికి వెళితే తెల్లటి గోడలు. ఒక్కొక్క గోడకు రెండో మూడో బొమ్మలు. పక్కన చిన్న అట్టముక్క మీద వేసినవారి పేరు, వేసిన సంవత్సరం, దేనితో వేశారు అన్నది రాసి ఉంటుంది. "రండి బాబూ రండి" అని ఎవరూ పిలవరు. కొన్నిచోట్ల, అమ్ముడుపోయిన బొమ్మ పక్కన చిన్న ఎర్రచుక్క అంటిస్తారు. ఎర్రచుక్క పడినా బొమ్మ మాత్రం ప్రదర్శన అయిపోయేదాకా గోడ మీదనే ఉంటుంది, అందరూ చూడవచ్చు. కొనకపోతే లోపలికి రానివ్వరేమో అని చాలామంది బయటినుంచే తిరిగిపోతారు. ఆ భయం అక్కరలేదు. సామాన్యంగా చూడటానికి టిక్కెట్టు ఉండదు. చేతులు వెనక కట్టుకుని చూస్తే చాలు.

అయితే ఈ అంగడివాడికి ఏం మిగులుతుంది? చిత్రకారుడు బొమ్మ తెచ్చి ఇస్తాడు. అమ్ముడుపోతే వచ్చిన డబ్బులో మూడో వంతు మొదలు సగం దాకా గ్యాలరీ తీసుకోవటం చాలాచోట్ల వాడుక. సగం అంటే ఎక్కువే అని మీకు తోచవచ్చు. నాకూ తోస్తుంది. కాని గ్యాలరీవాడు గదికి అద్దె కట్టాలి, చట్రాలు కట్టించాలి, పుస్తకం అచ్చు వేయించాలి, ఊరందరికీ కబురు పెట్టాలి. ఒక్క బొమ్మా అమ్ముడు కాకపోయినా ఇవన్నీ చెయ్యాలి. మంచి గ్యాలరీ ఇంకొక పని కూడా చేస్తుంది. ఇవాళ ఎవరికీ తెలియని కుర్ర చిత్రకారుణ్ణి పట్టుకుని, పదేళ్లపాటు అతని బొమ్మలు గోడకు పెడుతూనే ఉంటుంది. పదకొండో ఏట నలుగురూ అతని పేరు చెప్పుకుంటారు. ఆ పదేళ్లూ అతనికి తిండి పెట్టినది ఆ సగమే.

కొన్ని గ్యాలరీలు కొత్త బొమ్మలు మాత్రమే పెడతాయి. కొన్ని పాతవీ కొత్తవీ కూడా చూస్తాయి. హైదరాబాదు బంజారాహిల్స్‌లో 2002లో మొదలైన కళాకృతి గ్యాలరీ ఈనాటి చిత్రకారుల బొమ్మలు ప్రదర్శిస్తుంది. దాన్ని పెట్టినవారే మన దేశపు పాత పటాలు కూడా సేకరించారు. పటాలంటే నదులూ, రాజ్యాలూ, తీర్థయాత్రల దారులూ చూపే భూగోళ పటాలు. అవి 2015లో ఢిల్లీలోని నేషనల్ మ్యూజియంలో ప్రదర్శనకు వెళ్లాయి. దారి చూపటానికి గీసిన కాగితం, దారి మారిపోయిన తరవాత గోడకెక్కింది! వస్తువులకు ఇట్లా రెండో జన్మ ఉంటుంది.

ఇక బొమ్మను డబ్బు పెట్టి ఎందుకు కొంటారు అన్న ప్రశ్న. మీ ఇంట్లో క్యాలెండరు మీద లక్ష్మీదేవి బొమ్మ ఉంటుంది. ఆ బొమ్మ వేలకొద్దీ ఇళ్లలో ఉన్నది. మీది చిరిగితే ఇంకొకటి తెచ్చుకోవచ్చు. చిత్రకారుడు చేత్తో గుడ్డ మీద వేసిన బొమ్మ అట్లా కాదు, ఒక్కటే ఉంటుంది. అది పోతే పోయినట్టే. ఈ రెంటికీ మధ్య ఇంకొక రకం ఉన్నది. రాగి రేకు మీద గీతలు గీసి, ఆమ్లంలో ముంచి, గీతల్లో సిరా నింపి, కాగితం మీద అదిమి తీసేవి. మెదక్ జిల్లా నిజాంపూర్‌లో 1940లో పుట్టిన లక్ష్మాగౌడ్ ఈ పనిలో దేశమంతా పేరు పొందాడు. ఇట్లాంటి అచ్చుల కింద పెన్సిలుతో 3/25 అని రాసి ఉంటే, మొత్తం తీసినవి ఇరవై అయిదు, ఇది మూడవది అని అర్థం. అవి పూర్తి కాగానే రేకును గీకి పాడుచేసే చిత్రకారులున్నారు. ఇరవై ఆరవది పుట్టకుండా!

కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో 1942లో పుట్టిన తోట వైకుంఠం బొమ్మలు మీరు చూసే ఉంటారు. నుదుట పెద్ద బొట్టు, ఎర్రచీరె, నల్లని ముఖం, భుజం మీద చిలక. చిన్నప్పుడు ఊళ్లో నాటకాల్లో మగవాళ్లే ఆడవేషాలు కట్టటం ఆయన చూశాడు. ఆ వేషాలూ, పల్లెటూరి ఆడవాళ్లూ ఆయన బొమ్మల్లోకి వచ్చారు. వాటిని ఇప్పుడు లక్షలు పెట్టి కొంటున్నారు. మన ఊళ్ల ఆడవాళ్ల ముఖాలే అవి. ఊళ్లో చూసినప్పుడు మనం ఆగి చూడలేదు.

నెల్లికుదురు అబ్బాయికి ఇంకొక సంగతి చెప్పాలి. కొండపల్లి శేషగిరిరావుగారు అని గొప్ప చిత్రకారుడు ఉండేవారు. ఆయన పుట్టినది మీకు దగ్గర్లోనే, మానుకోట ప్రాంతపు పెనుగొండ గ్రామంలో, 1924లో. హైదరాబాదులో చిత్రకళ నేర్చుకుని, తరవాత శాంతినికేతనం వెళ్లి నందలాల్ బోసు దగ్గర శిష్యరికం చేశారు. తిరిగి వచ్చి హైదరాబాదు లలితకళల కళాశాలలో ఎన్నో ఏళ్లు పిల్లలకు పాఠాలు చెప్పారు. పురాణ కథలూ, కాకతీయుల కాలపు శిల్పాలూ, హైదరాబాదు బండరాళ్లూ ఆయనకు ఇష్టమైన విషయాలు. 2012లో కన్నుమూశారు. మీ మొక్కజొన్న చేల పక్కనుంచి నడిచి వెళ్లినవాడే బొమ్మలతో అంత దూరం వెళ్లాడు.

సరే, ఇప్పుడు సందుగలోని చుట్టకు వద్దాము.

ఉత్తరంలో చెప్పిన గుర్తులను బట్టి అది నకాషీ పటం అయి ఉండాలి. ఈ పటాలకు ఇప్పుడు చేర్యాల పేరు వచ్చింది. చేర్యాలా, నెల్లికుదురూ 2016 దాకా ఒకే వరంగల్ జిల్లాలో ఉండేవి. ఇప్పుడు చేర్యాల సిద్దిపేట జిల్లాలోకీ, నెల్లికుదురు మహబూబాబాద్ జిల్లాలోకీ వెళ్లాయి. బొమ్మలు వేసేవాళ్లను నకాషీలు అంటారు. ఒకప్పుడు తెలంగాణలో పలుచోట్ల ఉండేవారు. ఇప్పుడు చేర్యాల, హైదరాబాదుల్లో కొద్ది కుటుంబాలవారే ఆ పని చేస్తున్నారు.

పటం తయారుచెయ్యటం చూస్తే వంటలాగే ఉంటుంది. ముందు ఖద్దరు గుడ్డ తీసుకుంటారు. గంజి, సుద్దమన్ను, చింతగింజల పిండిని ఉడికించిన బంక, చెట్టుబంక కలిపి గుడ్డకు పూస్తారు. ఆరిన తరవాత మళ్లీ పూస్తారు. ఇట్లా మూడు పూతలు. అప్పుడు గుడ్డ బిగుసుకుని, రంగు పీల్చకుండా పైన నిలుపుతుంది. ఉడత తోక వెంట్రుకలు కట్టిన కుంచెతో సన్నని గీతలు గీస్తారు. పూర్వం రంగులు కూడా ఇంట్లోనే నూరేవారు: ఇంగిలీకం నుంచి ఎరుపు, దీపపు మసి నుంచి నలుపు, నీలిమందు నుంచి నీలం. బొమ్మల వెనక నేలంతా ఎరుపే. అందుకే చీకట్లో దీపం వెలుగున దూరాన కూచున్నవాడికి కూడా బొమ్మ స్పష్టంగా కనిపించేది.

ఔను, రాత్రిపూటే! ఈ పటం గోడకు తగిలించి చూసుకోవటానికి వేసినది కాదు. ఇది కథ చెప్పేవాడి పుస్తకం. వెడల్పు సుమారు మూడు అడుగులు, పొడవు నలభై అడుగులకు పైగా కూడా ఉండవచ్చు. గుంజలకు కట్టి, పైనుంచి కిందికి ఒక్కొక్క గడి విప్పుతూ, కర్రతో చూపిస్తూ, పాడుతూ కథ చెప్పేవారు. కథ కొన్ని రాత్రులు సాగేది. ఒక్కొక్క కులానికి తమ పుట్టుక చెప్పే కథ ఒకటి, ఆ కథ చెప్పటానికి వేరే ఒక కులం. పద్మశాలీల దగ్గరికి కూనపులివారు వచ్చి మార్కండేయుడి కథ, ఆయన కొడుకు భావనాఋషి కథ చెప్పేవారు. మాదిగల దగ్గరికి డక్కలివారు వచ్చి జాంబపురాణం చెప్పేవారు. గౌడులకు గౌడజెట్టివారు, ముదిరాజులకు కాకిపడగలవారు. గొల్లల దగ్గరికి వచ్చే మందెచ్చులవారికి పటం బదులు కొయ్యబొమ్మలు ఉండేవి. బడికి వెళ్లని ఊళ్లకు ఈ పటాలు చరిత్ర పుస్తకాలు. ఏ ఊళ్లో ఎవరు చెప్పాలో, ఎవరికి ఎంత ధాన్యం ముట్టాలో కట్టుబాటు ఉండేది. ఒక కుటుంబానికి ఆ పటమే పొలం. కూతురి పెళ్లికీ, కొడుకుల వంతుకూ అదే ఆస్తి.

ఆడి ఆడి పటం చిరిగిపోతే ఏం చేసేవారు? నకాషీలతో కొత్తది వేయించుకునేవారు. పాతదానికి పూజచేసి నదిలో నిమజ్జనం చేసేవారు. అందువల్లనే బాగా పాత పటాలు అంత అరుదు. వందేళ్ల నాటి పటం ఒకటి మిగిలిందంటే, ఎవరో నదికి వెళ్లటం మరిచిపోయారు, లేదా వెళ్లలేకపోయారు. నెల్లికుదురు పటం విషయంలో వాన అడ్డువచ్చింది.

ఇట్లాంటివాటి విలువ ఎవరికీ తెలియని రోజుల్లో తెలుసుకున్నవారు జగదీశ్ మిత్తల్‌గారు. ఆయన 1925లో ఉత్తరప్రదేశ్‌లో పుట్టారు. శేషగిరిరావుగారిలాగే శాంతినికేతనంలో చదివి, హైదరాబాదు వచ్చి స్థిరపడ్డారు. ఆయనా, ఆయన భార్య కమలగారూ కలిసి చిత్రాలు, వస్త్రాలు, లోహపు వస్తువులు సేకరించి, 1976లో తమ పేర మ్యూజియంగా ఏర్పాటు చేశారు. అందులో తెలంగాణ పటాలు కూడా ఉన్నాయి. పాత గుడ్డ అని మనం అనుకున్నదాన్ని ఆయన దీపం దగ్గర పెట్టి చదివారు.

ఇప్పుడు మీరడుగుతారు: "అయితే పటాన్ని గ్యాలరీకి అమ్మితే తప్పేమిటి? సందుగలో చెదలు తినేకన్న మేలే గదా?" సబబైన ప్రశ్నే. అమ్మటం తప్పు కాదు. కాని పాత వస్తువు అమ్మేటప్పుడు దానితోపాటు దాని పుట్టుపూర్వోత్తరాలు కూడా వెళ్లాలి: ఏ ఊరిది, ఎవరిది, ఎవరి చేతినుంచి ఎవరి చేతికి ఎప్పుడు వచ్చింది? మంచి గ్యాలరీ మొదట అడిగేది ఇదే. చెడ్డ గ్యాలరీ దీన్నే దాస్తుంది. దాస్తే ఏమవుతుందో మన తెలుగుదేశంలోనే జరిగిన ఒక కథ చెబుతాను. ఇది కల్పన కాదు.

ప్రకాశం జిల్లాలో గుండ్లకమ్మ ఒడ్డున చందవరం అనే ఊరు. ఆ ఊరి దగ్గర కొండమీద రెండు వేల ఏళ్ల నాటి బౌద్ధ స్తూపం ఉన్నది. 1970 తరవాతి సంవత్సరాల్లో పురావస్తు శాఖవారు అక్కడ తవ్వకాలు జరిపారు. బయటపడిన శిల్పాలను అక్కడే ఒక చిన్న మ్యూజియం కట్టి ఉంచారు. వాటిలో ఒక సున్నపురాతి పలక మీద బుద్ధుణ్ణి పూజిస్తున్న భక్తులు చెక్కి ఉన్నారు. 2000 సంవత్సరం ప్రాంతంలో దొంగలు పడి ఆ మ్యూజియం నుంచి శిల్పాలు ఎత్తుకుపోయారు.

కొన్నాళ్లకు ఆ పలక అమెరికాలో న్యూయార్కు నగరంలో తేలింది. అక్కడ సుభాష్ కపూర్ అనే వర్తకుడికి "ఆర్ట్ ఆఫ్ ది పాస్ట్" అని ఒక గ్యాలరీ ఉండేది. తెల్లటి గోడలూ, మంచి దీపాలూ, అన్నీ ఉండేవి. 2005లో ఆస్ట్రేలియా జాతీయ గ్యాలరీవారు ఆ పలకను 5,95,000 డాలర్లకు కొన్నారు. అప్పటి లెక్కన సుమారు రెండు కోట్ల అరవై లక్షల రూపాయలు! అది చాలా కాలంగా ఇండియా బయటే ఉన్నదని నమ్మించే కాగితాలు వాళ్లకు చూపించారు. కాగితాలు సంతకాలతో, తేదీలతో చక్కగానే ఉన్నాయి. పలకను అద్దాల గదిలో దీపం కింద నిలబెట్టారు.

దొంగతనం ఎట్లా బయటపడింది? ఫోటోవల్ల! 1990 తరవాతి సంవత్సరాల్లో కూడా ఆ పలక ఇండియాలోనే ఉన్నట్టు చూపే ఫోటో దొరికింది. రాయి అదే, దానిమీద విరిగిన చోట్లు అవే. కాగితం అబద్ధమాడగలదు గాని, రాతిమీది పగుళ్లు ఆడలేవు. 2016లో ఆస్ట్రేలియావారు పలకను ఇండియాకు తిరిగి ఇచ్చారు. సుభాష్ కపూర్‌ను 2011లో జర్మనీలో పట్టుకున్నారు, మరుసటి ఏడు ఇండియాకు పంపారు. తమిళనాడు విగ్రహాల కేసులో 2022లో కుంభకోణం కోర్టు అతనికి పదేళ్ల శిక్ష వేసింది.

చూశారా, ఆ ఫోటో ఎవరో ఏ పండగకో వేడుకకో తీసినది కాదు. ఉన్న వస్తువును ఉన్నచోట ఉన్నట్టు తీసి పెట్టారు, అంతే. ఆ ఒక్క పనివల్ల రాయి సముద్రాలు దాటి తిరిగి వచ్చింది. ఫోటో లేని శిల్పాలు ఎన్ని పోయాయో, అవి మనవని చెప్పుకోవటానికి మన దగ్గర ఏమీ లేదు.

కార్డులో ఫోటోలు తియ్యమన్నది ఇందుకే.

స్కూటరాయన దొంగ అని నేను అనటం లేదు. ఊళ్లు తిరిగి పాత సామాను కొని బతికేవాళ్లు చాలామంది ఉన్నారు. కాని ఆయన ఇత్తడిని తూకానికి కొంటున్నాడు గదా; జనగామ దగ్గర పెంబర్తి కంసాలులు సుత్తి దెబ్బలతో పువ్వులూ లతలూ తేల్చిన పళ్లెం అయినా ఆయన కాటాలో కిలోల లెక్కే. పటాన్ని కూడా అట్లాగే చూశాడు. పైగా ఇంకొక ప్రమాదం ఉన్నది. నలభై అడుగుల పటాన్ని ఒక్కటిగా కొనేవాళ్లు తక్కువ. అందుచేత కొందరు దాన్ని గడి గడిగా కత్తిరించి, చట్రాలు కట్టించి, విడివిడిగా అమ్ముతారు. అప్పుడు డబ్బు ఎక్కువ వస్తుంది. కథ మాత్రం ముక్కలైపోతుంది. మార్కండేయుడు ఒక ఇంట్లో, అతనికోసం వచ్చిన యముడు ఇంకొక ఇంట్లో!

చట్టం కూడా ఒకటి ఉన్నది. 1972లో చేసిన పురావస్తువుల చట్టం 1976 నుంచి అమలులో ఉన్నది. దాని ప్రకారం వందేళ్లు దాటిన శిల్పాలూ, చిత్రాలూ వగైరాలు పురావస్తువులు. పాత రాతప్రతులకైతే డెబ్బై అయిదేళ్లు చాలు. వీటితో వర్తకం చెయ్యాలంటే లైసెన్సు కావాలి. మామూలు మనుషులు వీటిని దేశం దాటించటానికి వీల్లేదు. శిల్పాలు, చిత్రాలు వంటివి ఇంట్లో ఉంటే పురావస్తు శాఖ అధికారి దగ్గర నమోదు చేయించుకోవాలి. నమోదు చేయించినంతమాత్రాన సర్కారువారు పట్టుకుపోతారని పెద్దవాళ్లు భయపడుతూ ఉంటారు. అది సరి కాదు. వస్తువు మీ దగ్గరే ఉంటుంది, మీదేనని కాగితం కూడా ఉంటుంది. ఇంకొక తమాషా: వందేళ్లు దాటకపోయినా కొందరు చిత్రకారుల బొమ్మలు జాతీయ కళాసంపద అని ప్రకటించారు. అట్లాంటివారు తొమ్మిది మంది. వారిలో రవివర్మ ఉన్నాడు, రవీంద్రనాథ టాగోరు ఉన్నాడు, మన శేషగిరిరావుగారి గురువు నందలాల్ బోసూ ఉన్నాడు.

కనక, బాబూ, నువ్వు చెయ్యవలసినది ఇది. మీ నాయినను, తాతను పక్కన కూచోబెట్టుకుని చెయ్యి, ఒక్కడివే విప్పకు. ఎండ తగలని చోట చాప వేసి, చాప మీద ఉతికిన పాత దుప్పటి పరిచి, చేతులు కడిగి బాగా తుడుచుకోండి. పటాన్ని కొంచెం కొంచెంగా విప్పుతూ, విప్పినదాన్ని రెండోవైపునుంచి చుట్టుకుంటూ రండి. మడతపెట్టవద్దు, మడతపెడితే సుద్దపూత పెచ్చులు లేస్తుంది. మురికిగా ఉన్నదని తడిగుడ్డతో తుడవకండి. రంగులు కలిపినది బంకతో. తడి తగిలితే కరిగిపోతాయి. చిరుగులకు అంటుకునే టేపు వెయ్యకండి. ఒక్కొక్క గడినీ మీ నాయిన సెల్‌ఫోనులో ఫోటో తియ్యండి. గడి పక్కన నీ స్కూలు స్కేలు పెట్టి తీస్తే కొలత కూడా తెలుస్తుంది. చిరుగులు, మరకలు విడిగా దగ్గరనుంచి తియ్యండి. గుడ్డ వెనకవైపు చూడటం మరవవద్దు. అక్కడ అక్షరాలు ఏమైనా ఉంటే అన్నిటికన్న ముఖ్యం. తరవాత మంచి నోటుపుస్తకం తీసుకుని తాత చెప్పినది తాత మాటల్లోనే రాయి: ఏ ఏడు వాన, వచ్చినవాళ్లు ఎంతమంది, ఏ ఊరివాళ్లు, ఏ వాడలో కథ చెప్పేవారు. తాతకు జ్ఞాపకం లేనిచోట జ్ఞాపకం లేదనే రాయి. సొంతంగా కల్పించి పూరించకు.

ఆ ఫోటోలు తీసుకుని నాయిన హైదరాబాదులో మ్యూజియంవారికి గాని, రాష్ట్ర పురావస్తు శాఖవారికి గాని చూపిస్తే, పటం ఏ కథదో, ఎన్నేళ్లదో చెప్పగలవాళ్లు దొరుకుతారు. అప్పుడు అమ్మాలా, ఉంచాలా, మ్యూజియానికి ఇవ్వాలా అన్నది పెద్దవాళ్లు తీరికగా ఆలోచించవచ్చు. మీ నాయినకు డబ్బు అవసరం ఉంటే అది చిన్న విషయమని నేను అనను. కాని రెండు వేలన్నది పటం చూసి చెప్పిన ధర కాదు, మీకు తెలియదని చూసి చెప్పిన ధర. చేర్యాలలో కొత్తగా వేసే పటానికి, పెద్దదైతే, అంతకన్న చాలా ఎక్కువ ఇవ్వాలి.

తాత ఎందుకు వద్దంటున్నాడో మాత్రం నీ ఉత్తరంలో లేదు. నాకొక ఊహ ఉన్నది. ఆయన ఆ పటాన్ని తనది అనుకోవటం లేదేమో! వాళ్ల నాయిన దగ్గర ఎవరో నమ్మి దాచినది అది. దాచినవాళ్ల మనవలు ఎక్కడో ఉండే ఉంటారు. మహబూబాబాద్, వరంగల్, జనగామ ప్రాంతాల్లో పటం కథలు చెప్పే కుటుంబాలు ఇంకా కొన్ని ఉన్నాయి. పటంలో కథ ఏదో తేలితే, ఏ కులంవారి కథో తెలుస్తుంది. అది తెలిస్తే, చెప్పేవాళ్లెవరో తెలుస్తుంది. మీ ఊళ్లో ఆ వాడలోని ముసలివాళ్లను అడిగితే, ఆ రోజుల్లో ఏ ఊరినుంచి వచ్చేవారో ఎవరికైనా జ్ఞాపకం ఉండవచ్చు. ఇది నువ్వే చెయ్యగలిగిన పని. స్కూటరాయనా చెయ్యడు, గ్యాలరీవాళ్లూ చెయ్యలేరు.

విప్పేటప్పుడు మొదటి గడిలో వినాయకుడు ఉన్నాడేమో చూడు. చాలా పటాలు ఆయనతోనే మొదలవుతాయి. ఉంటే నువ్వు సరైన కొసనుంచి మొదలుపెట్టావన్నమాట. కిందికి పోగా, శివలింగాన్ని కౌగిలించుకున్న కుర్రవాడూ, పులి మీద ఎక్కిన వీరుడూ కనిపిస్తే పద్మశాలీల వాడకు వెళ్లి అడుగు. పాండవులు కనిపిస్తే ముదిరాజుల ఇళ్లకు వెళ్లు. ఏం కనిపించినా వచ్చే నెల సంచికి రాసి పంపు. గడులు మొత్తం ఎన్నో లెక్కపెట్టి మరీ రాయి. మూడు బారల తరవాత ఏముందో తెలియక నాకు నిద్ర పట్టటం లేదు.